చివరగా తెలిసేది అమ్మానాన్నలకే

2007లో ‘ఇండియన్ పీడియాట్రిక్స్’ పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్న 500 మంది బడిపిల్లలతో డాక్టర్లు మాట్లాడారు. తోటి పిల్లలు తమను ఏడిపిస్తున్నారని వాళ్లలో 157 మంది చెప్పారు. అంటే నూటికి 31 మంది. ఎక్కువగా జరిగేది వెక్కిరించడం, మారుపేర్లు పెట్టడం. దెబ్బలు కూడా తగిలాయన్నవాళ్లు 25 మంది. ఇదంతా ఒక ఎత్తు, తల్లిదండ్రుల సంగతి ఇంకో ఎత్తు. తమ బిడ్డకు ఇలా జరుగుతోందని తెలిసిన అమ్మానాన్నలు నాలుగో వంతుకు మించలేదు.

అది ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ రాకముందు మాట. 2020లో పిల్లల హక్కుల కోసం పనిచేసే క్రై సంస్థ ఢిల్లీ పరిసరాల్లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 630 మందిని అడిగితే, ఆన్‌లైన్‌లో వేధింపులు ఎదురయ్యాయని 9.2 శాతం మంది చెప్పారు. వాళ్లలో సగం మంది ఆ సంగతి టీచర్లకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, ఆ యాప్ నడిపే కంపెనీకీ చెప్పలేదు. 2022లో మెకాఫీ సంస్థ చేసిన సర్వేలో, తమకు జరిగినదాన్ని అమ్మానాన్నల దగ్గర దాచామని మన దేశపు పిల్లల్లో 45 శాతం మంది ఒప్పుకున్నారు.

మూడు సర్వేల్లో వయసులు వేరు, ఊళ్లు వేరు, ప్రశ్నలు వేరు. అయినా మూడూ ఒకే మాట చెబుతున్నాయి. క్లాసులో పక్క బెంచీవాడికి తెలుసు, వాట్సాప్ గ్రూపులో నలభై మందికి తెలుసు, బస్సులో ఆయాకు కూడా ఎంతోకొంత తెలుసు. మనకే తెలియదు. ఎంతమంది పిల్లలు బాధపడుతున్నారన్న లెక్కకంటే, ఆ బాధ మన చెవిదాకా ఎందుకు రావడం లేదన్న ప్రశ్నే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

అంకెలు ఎందుకు కలవవు

ఈ విషయం గురించి నెట్‌లో వెతికిన తల్లిదండ్రులు మొదట అయోమయంలో పడతారు. ఇంగ్లండ్‌లో 15 ఏళ్ల పిల్లలు 1,20,115 మందిని అడిగిన అధ్యయనం 2017లో వచ్చింది. అందులో ఆన్‌లైన్ వేధింపులకు తరచూ గురవుతున్నామన్నవాళ్లు 4 శాతం లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 44 దేశాల్లో 2,79,000 మంది పిల్లల నుంచి సేకరించి 2024లో వెల్లడించిన లెక్కలో 15 శాతం. అమెరికాలో ప్యూ సంస్థ 2022లో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లను అడిగితే 46 శాతం. అదే ఏడాది మెకాఫీ సర్వేలో భారతీయ పిల్లల సంగతి చూస్తే ఏకంగా 85 శాతం.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఇంగ్లండ్ అధ్యయనం ‘తరచూ జరిగిందా’ అని అడిగింది. ఆరోగ్య సంస్థ ‘గత రెండు నెలల్లో ఒకటి రెండు సార్లయినా జరిగిందా’ అని అడిగింది. ప్యూ సంస్థ ఆరు రకాల చేష్టలు చెప్పి, వాటిలో ఏ ఒక్కటైనా ఎప్పుడైనా ఎదురైందా అని అడిగింది. అందులో ఎవరైనా చెడ్డ పేరు పెట్టి పిలవడం కూడా ఒకటి, దానికి ఒక్కదానికే 32 శాతం మంది అవునన్నారు. ఇక మెకాఫీ భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. దాని సర్వేను కొట్టిపారేయనక్కర్లేదు గానీ, చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

కాబట్టి పేపర్లోనో వాట్సాప్‌లోనో ఏ శాతం కనబడినా, ఎంత కాలంలో, ఎన్నిసార్లు, ఏయే చేష్టలు లెక్కలోకి వచ్చాయి అని చూడండి. 85 చూసి బెంబేలెత్తి ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేయడం ఎంత తప్పో, 4 చూసి ‘మనకెందుకులే’ అనుకోవడమూ అంతే తప్పు. నా మట్టుకు నాకు ఉపయోగపడిన అంకె యునెస్కో 2019లో ఇచ్చినది. 144 దేశాల లెక్కలు చూసి, గడిచిన నెలలో కనీసం ఒక్కసారైనా తోటి విద్యార్థుల చేతిలో వేధింపుకు గురైనవాళ్లు దాదాపు ముగ్గురిలో ఒకరని అది తేల్చింది. ఈ లెక్కన నలభై మంది ఉన్న సెక్షన్‌లో పదమూడు మంది. మన 2007 నాటి అధ్యయనంలోని 31 శాతానికి ఇది చాలా దగ్గరగా ఉండటం గమనించండి.

పెరుగుతోందా అంటే, ఆన్‌లైన్‌కు సంబంధించి పెరుగుతోందనే చెప్పాలి. ఆరోగ్య సంస్థ ఐరోపా లెక్కల్లో 2018లో మగపిల్లల్లో 12 శాతం, ఆడపిల్లల్లో 13 శాతం ఉండగా, 2022కల్లా అవి 15, 16 అయ్యాయి.

సరదా ఎక్కడ ఆగుతుంది

పిల్లలన్నాక పోట్లాడుకుంటారు, ఆటపట్టించుకుంటారు. ప్రతిదాన్నీ వేధింపు అనలేం. ఈ గీత గీసినవాడు డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. తోటివాళ్ల వేధింపులు భరించలేక ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్త నార్వేను కుదిపేశాక, 1983లో ఆ దేశ విద్యాశాఖ బడులన్నింటిలో ఒక ఉద్యమం మొదలుపెట్టింది. దానికి వెన్నెముకగా నిలిచినవాడు ఆయన. కావాలని బాధపెట్టడం, పదేపదే చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండటం, ఈ మూడూ కలిస్తే వేధింపు అన్నాడు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్న కొలమానం ఇదే.

మూడింటిలో మనం ఎక్కువగా పట్టించుకోనిది బలంలో తేడా. బలమంటే కండబలం ఒక్కటే అనుకుంటాం. మన బడుల్లో బలం ఎన్నో రూపాల్లో ఉంటుంది. ఒంటి రంగు, లావు, నత్తి, కులం, యాస, ఫీజు ఆలస్యంగా కట్టడం, కిందటి పరీక్షలో వచ్చిన ర్యాంకు, ఏ సెక్షన్‌లో ఉన్నారన్నది. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ హాస్టల్లో ఒక గదిలో ఎనిమిది మంది ఉంటే, అందులో ఏడుగురు ఒకవైపైతే అదే బలం. ‘వాడూ మనవాడూ ఒకే ఎత్తున్నారు కదా, తిరిగి ఒకటివ్వక ఎందుకు ఏడుస్తాడు’ అని అడిగే తండ్రి చూడాల్సింది ఆ ఏడుగురిని.

ఆన్‌లైన్‌లో ‘పదేపదే’ అన్న షరతు కాస్త మారుతుంది. ఒక అమ్మాయి ఫొటోకు పందిముఖం తగిలించి పెట్టినవాడు ఆ పని ఒక్కసారే చేసి ఉండవచ్చు. దాన్ని అరవై మంది చూసి, ఇరవై మంది ఇంకో గ్రూపుకు పంపితే, ఆ అమ్మాయి వైపు నుంచి చూసినప్పుడు అది ఎనభై సార్లు జరిగినట్టే.

‘మా రోజుల్లోనూ ఇవన్నీ ఉన్నాయి, మేం పెరగలేదా?’ అనే పెద్దలకు ఒక లెక్క చెప్పాలి. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను పరిశోధకులు జీవితమంతా గమనిస్తూ వచ్చారు. వాళ్లలో 7,771 మందికి ఏడేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు వేధింపులు ఎదురయ్యాయా లేదా అన్నది తల్లిదండ్రుల ద్వారా తెలుసుకున్నారు. అప్పుడప్పుడు ఎదురయ్యాయన్నవాళ్లు 28 శాతం, తరచుగా అన్నవాళ్లు 15 శాతం. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం, తరచూ వేధింపులు పడ్డవాళ్లలో యాభై ఏళ్ల వయసులో కూడా కుంగుబాటు, ఆందోళన మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్యం, స్నేహబంధాలు కూడా బలహీనంగానే ఉన్నాయి. వేధింపు పడిన ప్రతి బిడ్డకూ ఇలా అవుతుందని కాదు, ఎంతోమంది నిలదొక్కుకుంటారు. కానీ ‘అదే సర్దుకుంటుంది’ అన్న ధీమాకు ఈ నలభై ఏళ్ల లెక్క ఎక్కడా ఆధారం ఇవ్వడం లేదు.

ఫోన్ లాక్కుంటే ఏమవుతుంది

ఇంగ్లండ్ అధ్యయనంలో 4 శాతం అంకెకంటే విలువైనది ఇంకోటి ఉంది. ఆన్‌లైన్‌లో మాత్రమే వేధింపులు పడుతున్నవాళ్లు 0.4 శాతం. ఆన్‌లైన్‌లోనూ బయటా పడుతున్నవాళ్లు 3.3 శాతం. అంటే ఫోన్‌లో ఏడిపించబడుతున్న పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మందికి అదే కథ బడిలో కూడా నడుస్తోంది.

దీన్ని బట్టి మనం మనసులో వేసుకున్న బొమ్మ మార్చుకోవాలి. సైబర్ వేధింపు అనగానే ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న ముక్కూ ముఖం తెలియని మనిషి గుర్తొస్తాడు. అలాంటివాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి తర్వాత చెబుతాను. కానీ ఎక్కువ సందర్భాల్లో అవతల ఉన్నది అదే సెక్షన్, అదే ట్యూషన్, అదే అపార్ట్‌మెంట్ పిల్లలు. ఉదయం క్లాసులో మొదలైనది సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో సాగి, మర్నాడు మళ్లీ క్లాసుకు వస్తుంది. పూర్వం సాయంత్రం నాలుగున్నరకు గంట కొట్టగానే పిల్లవాడికి కాస్త ఊపిరాడేది. ఇప్పుడు ఆ గంటకు అర్థం లేకుండా పోయింది.

అలాంటప్పుడు ఫోన్ లాక్కుంటే గ్రూపు ఆగదు. మన అమ్మాయి లేని గ్రూపులో మన అమ్మాయి గురించి మాటలు సాగుతూనే ఉంటాయి. పొద్దున క్లాసులోకి అడుగుపెడితే అందరూ ఎందుకు నవ్వుతున్నారో కూడా ఆమెకు తెలియదు. పైగా తప్పు చేసినవాళ్ల చేతిలో ఫోన్లు ఉన్నాయి, బాధపడినదాని చేతిలో లేదు. శిక్ష ఎవరికి పడినట్టు? పిల్లలు మనకు చెప్పకపోవడానికి పెద్ద కారణం ఇదే. చెబితే ఫోన్ పోతుందని వాళ్లకు ముందే తెలుసు.

లాక్కోవడం కంటే నేర్పడం మేలు. పిల్లల చదువుల తీరు మీద వెలువడే అసర్ నివేదిక 2024లో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. 82 శాతం మందికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసన్నారు. ముందు వారంలో దాన్ని చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఆ సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో రిపోర్ట్ చేయడమో తెలిసినవాళ్లు 62 శాతం. తమ ప్రొఫైల్ బయటివాళ్లకు కనబడకుండా ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం. వాడటం వచ్చి, కాపాడుకోవడం రాని పిల్లలు ప్రతి పదిమందిలో నలుగురున్నారన్నమాట.

ఇది నేర్పడం ఒక సాయంత్రం పని. బిడ్డ పక్కన కూర్చుని, ఫోన్ బిడ్డ చేతిలోనే ఉంచి చేయండి. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో తనను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చన్న చోట కాంటాక్ట్స్‌కు పరిమితం చేయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాను ప్రైవేట్ చేయవచ్చు. అందులో రెస్ట్రిక్ట్ అని ఒక సదుపాయం 2019 నుంచి ఉంది. ఎవరినైనా అందులో పెడితే వాళ్లు రాసే కామెంట్లు వాళ్లకే కనబడతాయి, వాళ్లను అలా పెట్టినట్టు వాళ్లకు తెలియదు. రోజూ క్లాసులో ఎదురుపడేవాడిని బ్లాక్ చేస్తే కొత్త గొడవ వస్తుందని భయపడే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

వినే పద్ధతి

2007 నాటి అధ్యయనానికి మళ్లీ వెళ్దాం. దిగులుగా ఉండటం, ఒంటరిగా ఉండాలనుకోవడం, తరచూ బట్టలు చిరిగి రావడం దాదాపుగా వేధింపులు పడిన పిల్లల్లోనే కనిపించాయి. బడి అంటే భయం, వాంతులు, సరిగ్గా నిద్రపట్టకపోవడం వాళ్లలోనే ఎక్కువ. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటే బడి ఎగ్గొట్టే సాకు అనుకుంటాం. నెలలో మూడు సోమవారాలు అదే నొప్పి వస్తే డాక్టర్‌తో పాటు బడి సంగతి కూడా అడగాలి. టిఫిన్ బాక్సు నిండుగా తిరిగి రావడం, బస్సు వద్దని నాన్న బండి మీదే వెళ్తాననడం, మోగిన ప్రతిసారీ ఫోన్‌ను బోర్లా తిప్పడం, ఉన్నట్టుండి ఒక స్నేహితురాలి పేరు ఇంట్లో వినబడకపోవడం, వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిస్తే మాత్రం పక్కన కూర్చోవాలి.

నేరుగా ‘నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా?’ అంటే చాలామంది పిల్లలు లేదనే అంటారు. ‘మీ క్లాసులో అందరూ ఎవరిని ఎక్కువ ఆటపట్టిస్తారు?’ అని అడిగితే మాట కదులుతుంది. బండి మీద వెళ్తూ, వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ, ముఖాముఖి కళ్లలోకి చూడనవసరం లేని చోట అడిగితే ఇంకా సులువు.

ఎట్టకేలకు బిడ్డ నోరు విప్పిందనుకోండి. అప్పుడు మన నోటి నుంచి అలవాటుగా వచ్చే మాటలున్నాయి. ‘పట్టించుకోకు, వాళ్లే ఊరుకుంటారు.’ ‘వాడొకటంటే నువ్వు రెండను.’ ‘ముందు నువ్వేం చేశావో చెప్పు.’ మొదటి మాట విన్న బిడ్డకు ఇది పెద్ద విషయం కాదని మనం తీర్పు చెప్పేసినట్టు అనిపిస్తుంది. రెండోది, బలం తక్కువున్నవాడిని బలమున్నవాడి మీదికి ఒంటరిగా పంపడం. మూడోది అన్నింటికంటే హాని చేస్తుంది. అప్పటికే ఆ బిడ్డ రాత్రులు పడుకుని తనకు తాను వేసుకుంటున్న ప్రశ్న అదే. మనం కూడా అదే అడిగితే, అనుమానం కాస్తా నిజమని నమ్ముతుంది. చాటుగా తల్లి కన్నీళ్లు పెట్టుకోవడం, తండ్రి చొక్కా తొడుక్కుని అప్పటికప్పుడు అవతలివాళ్ల ఇంటికి బయల్దేరడం కూడా పిల్లలను భయపెడతాయి. ‘చెప్పకుండా ఉంటే బాగుండేది’ అనిపిస్తుంది.

ఆ క్షణంలో బిడ్డకు కావలసినవి చాలా చిన్న మాటలు. ‘నాకు చెప్పి మంచి పని చేశావు నాన్నా. నీకు ఇలా జరగడం నీ తప్పు కాదు. నీతో మాట్లాడకుండా నేను ఏ పనీ చేయను. ఫోన్ తీసుకోను.’ చివరి రెండూ మాట ఇచ్చినట్టే, నిలబెట్టుకోవాలి. తర్వాత ‘ఏం జరిగితే నీకు బాగుంటుంది?’ అని అడగండి. కొందరికి సెక్షన్ మారాలనుంటుంది, కొందరికి ఆ వీడియో పోతే చాలు, కొందరికి మీరు వింటే చాలు. మనం ఊహించుకున్న పరిష్కారం, వాళ్లు కోరుకునేది చాలాసార్లు ఒకటి కాదు.

‘నేను లేకపోతేనే నయం’, ‘బతకాలని లేదు’ వంటి మాట ఏ రూపంలో వినబడినా నేరుగా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే భారం దిగుతుంది. బిడ్డను ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ సేవ ఇది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలకు సంబంధించిన ఏ ఆపదకైనా 1098, ప్రాణం మీదికి వస్తే 112.

బడికి వెళ్లాల్సి వస్తే

కెనడాలోని టొరంటోలో పరిశోధకులు బడి ఆటస్థలాల్లో కెమెరాలు, మైకులు పెట్టి చూశారు. 1997లో వచ్చిన ఫలితాల్లో, వేధింపు జరుగుతుండగా టీచర్లు కల్పించుకున్న సందర్భాలు 4 శాతం. టీచర్లకు పట్టదని దీని అర్థం కాదు. ఇలాంటివి కొన్ని సెకన్లలో జరిగిపోతాయి, టీచర్ వీపు తిరిగినప్పుడే జరుగుతాయి. కాబట్టి మీ అమ్మాయి క్లాస్ టీచర్ ‘అలాంటిదేమీ నా దృష్టికి రాలేదే’ అంటే ఆమె నిజమే చెబుతుండవచ్చు. దాని మీద వాదనకు దిగకుండా, మీ దగ్గరున్న వివరం ఆమె చేతిలో పెట్టండి.

నోటిమాట కంటే కాగితం మేలు. ఏ తేదీన, ఎక్కడ, ఎవరి ముందు, ఏం జరిగింది, మీ అబ్బాయి మీద దాని ప్రభావం ఏమిటి, ఇవి రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, అందినట్టు ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. సీబీఎస్‌ఈ బడైతే, వేధింపుల నిరోధక కమిటీ వేయాలని ఆ బోర్డు 2015 మార్చిలోనే చెప్పింది. కమిటీలో ఎవరున్నారని అడగండి. ఏ బోర్డైనా సరే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తోంది. టీచరే పిల్లవాడిని అందరి ముందు ఎగతాళి చేసి, మిగతా పిల్లలకు దారి చూపించిన సందర్భాల్లో ఈ సెక్షన్ గుర్తుంచుకోవాలి. కాలేజీ స్థాయిలో 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది.

బడి నుంచి ఏం కోరాలో కూడా ముందే అనుకుని వెళ్లండి. ఇద్దరినీ ఆఫీసు గదిలో ఎదురెదురుగా నిలబెట్టి ‘సారీ చెప్పు, షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి’ అనే రాజీ పెద్దమనుషుల పంచాయితీకి సరిపోతుందేమో, దీనికి సరిపోదు. బలం తక్కువున్న బిడ్డ అందరి ముందు తలూపి బయటికొస్తాడు, మెట్ల మీద మళ్లీ మొదలవుతుంది. ఇద్దరితో విడివిడిగా మాట్లాడమనండి. ఏ చోట జరుగుతోందో, అది బస్సు కానీ, బాత్రూమ్ దారి కానీ, అక్కడ ఎవరు కాపలా ఉంటారో అడగండి. వారం తర్వాత ఫలానా రోజు మళ్లీ వస్తానని తేదీ చెప్పి రండి. బడుల్లో నడిచిన 44 కార్యక్రమాల ఫలితాలను 2011లో కలిపి చూసినప్పుడు, వేధించడం సగటున 20 నుంచి 23 శాతం తగ్గినట్టు తేలింది. బాగా పనిచేసిన కార్యక్రమాల్లో కనబడిన అంశాల్లో తల్లిదండ్రుల సమావేశాలు, ఆటస్థలంలో గట్టి నిఘా ఉన్నాయి. పేరెంట్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగే ఐదు ప్రశ్నల్లో ఒకటి దీనికి కేటాయిద్దాం.

ఫొటో బయటికి వెళ్తే

ఇది వేరే స్థాయి. నగ్నంగా ఉన్న ఫొటో, స్నానం చేస్తుండగా తీసిన వీడియో, మామూలు ఫొటోకు యాప్‌తో వేరే ఒళ్లు అతికించిన బొమ్మ, ఇవి చూపించి బెదిరించడం, డబ్బో ఇంకో ఫొటోనో అడగడం. ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఎక్కువగా ఉండేది ఇక్కడే. బడిలో రాజీ కుదుర్చుకునే వ్యవహారం కాదిది.

మొదటి సంగతి, డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇస్తే అడగడం ఆగదు. ఇచ్చేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రెండో సంగతి, ఏదీ చెరపకండి. వాట్సాప్‌లో బ్లాక్ చేసేటప్పుడు చాట్ కూడా పోయే అవకాశం ఉంది కాబట్టి ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అవతలివాడి నంబర్, యూజర్ పేరు, తేదీ, సమయం, లింకు కనబడాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బిడ్డ నగ్నంగా ఉన్న బొమ్మను సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపకండి, టీచర్‌కైనా, మేనమామకైనా. అలాంటి బొమ్మలు పంపడమే ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఫోన్‌ను ఫోన్‌గానే పోలీసులకు చూపించండి.

బొమ్మ తీయించడానికి రెండు దారులు. 2021 ఐటీ నిబంధనలు ఇలాంటి బొమ్మల మీద, మార్ఫింగ్ చేసినవాటితో సహా, ఫిర్యాదు అందిన 24 గంటల్లో చర్య తీసుకోవాలని సోషల్ మీడియా కంపెనీలకు మొదట గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరి నుంచి ఆ గడువు రెండు గంటలకు తగ్గింది. కాబట్టి యాప్‌లోనే రిపోర్ట్ చేసి, ఆ సమయం రాసిపెట్టుకోండి. రెండోది ‘టేక్ ఇట్ డౌన్’. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన బొమ్మల కోసం అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ 2023లో మొదలుపెట్టిన ఉచిత సేవ. ఇందులో బొమ్మను ఎక్కడికీ పంపనక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దానికి ఒక సంఖ్యల గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే ఇందులో చేరిన కంపెనీలకు వెళ్తుంది. దాంతో సరిపోలిన బొమ్మలను అవి తమ వేదికల నుంచి తీసేస్తాయి. ఎక్కడ ఎవరు చూస్తారోనన్న భయంతో కుమిలిపోతున్న బిడ్డకు ఈ సంగతి ఒక్కటి చెబితే ఎంత ఊరటో.

చట్టంలో ‘సైబర్ బుల్లీయింగ్’ అనే పేరుతో ప్రత్యేకమైన నేరం లేదు. నెట్‌లో అవమానించినందుకు వాడుతూ వచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అందుకని ఏం జరిగిందో దాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. అనుమతి లేకుండా రహస్యాంగాల బొమ్మ తీసినా పంపినా అదే చట్టం 66ఈ, మూడేళ్ల దాకా జైలు. పాస్‌వర్డ్ దొంగిలించి వాడితే 66సీ. బిడ్డను లైంగికంగా వేధిస్తే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం. పేరు దాచుకుని బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351.

పోక్సో గురించి ఒక విషయం ప్రతి తల్లికీ తెలియాలి. ‘ఆడపిల్లను స్టేషన్‌కు ఎలా తీసుకెళ్తాం’ అని ఎందరో వెనక్కి తగ్గుతారు. ఆ చట్టం 24వ సెక్షన్ ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనే లేదా బిడ్డ కోరిన చోట తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, ఆమె యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఇలాంటిది తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం బడి యాజమాన్యానికి కూడా నేరమే, కాబట్టి ‘బడి పరువు’ అనే మాట దగ్గర ఆగిపోకండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగినవాటిని పేరు చెప్పకుండా కూడా నమోదు చేయవచ్చు. తెలంగాణలో 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి.

ఇన్ని దారులుండగా 2022లో దేశం మొత్తం మీద పిల్లలపై నమోదైన సైబర్ నేరాలు 1,823. అంతకుముందు ఏడాది 1,376. దాదాపు మూడో వంతు పెరిగాయి, నిజమే. కానీ ఇన్ని కోట్ల మంది పిల్లలున్న దేశంలో రెండు వేల లోపు కేసులంటే, ఎన్ని ఇళ్లలో తలుపులు మూసుకుని మింగేశారో ఊహించవచ్చు.

ఏడిపించేది మన బిడ్డే అయితే

ఆరోగ్య సంస్థ ఐరోపా లెక్కల్లో ఎవరూ మాట్లాడుకోని అంకె ఇది. తాము ఇతరులను ఆన్‌లైన్‌లో వేధించామని 12 శాతం మంది పిల్లలు చెప్పారు. మగపిల్లల్లో 14, ఆడపిల్లల్లో 9. ఎనిమిది మందిలో ఒకరు. వాళ్లందరికీ అమ్మానాన్నలున్నారు, వాళ్లలో ఎవరూ ‘మావాడు అలాంటివాడే’ అనుకుని ఉండరు.

బడి నుంచి ఫోన్ వస్తే మొదట ‘మావాడా? అసలు కాదు’ అంటాం. లేదా ఇంటికొచ్చాక బెల్టు తీస్తాం. మొదటిది వాడికి రక్షణ దొరికిందని చెబుతుంది. రెండోది, బలమున్నవాడు లేనివాడిని కొట్టవచ్చన్న పాఠాన్నే మళ్లీ నేర్పుతుంది. ఏం చేశావో నీ నోటితో చెప్పు అనండి, మధ్యలో అడ్డురాకుండా వినండి. పెట్టిన పోస్టు తనతోనే తీయించండి, ఎవరెవరికి పంపాడో వాళ్లందరికీ తీసేయమని తనతోనే రాయించండి. కొన్ని వారాలపాటు ఫోన్ మీ ఎదుట వాడాలనే షరతు ఇక్కడ న్యాయమే. ఆ తర్వాత ఇంట్లో మన మాటలు కూడా వినాలి. టీవీలో ఒకరిని చూసి ‘ఆ రంగేంటి, ఆ ఆకారమేంటి’ అని మనమే నవ్వుతుంటే, పనమ్మాయిని ‘ఏయ్’ అని పిలుస్తుంటే, పిల్లవాడు క్లాసుకు మోసుకెళ్లింది ఆ భాషే కదా. ఇంకో సంగతి, ఏడిపించే పిల్లల్లో కొందరు వేరేచోట ఏడిపించబడుతున్నవాళ్లే. 1,420 మంది అమెరికన్ పిల్లలను పెద్దయ్యేదాకా గమనించి 2013లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో, ఇలా రెండు వైపులా ఉన్నవాళ్లే పెద్దయ్యాక మానసికంగా అందరికంటే ఎక్కువ నలిగిపోయినట్టు తేలింది. వాడి మీద కోపం తగ్గాక ‘నిన్నెవరేం చేస్తున్నారు?’ అని కూడా అడగాలి.

చూస్తూ నిలబడ్డవాళ్లు

మిగిలింది, వేధించనివాళ్లు, వేధింపు పడనివాళ్లు. క్లాసులో అందరికంటే ఎక్కువమంది వీళ్లే, మన పిల్లలు ఈ గుంపులో ఉండే అవకాశమే ఎక్కువ. టొరంటో ఆటస్థలాల మీద 2001లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, 88 శాతం సందర్భాల్లో చుట్టూ తోటి పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా కల్పించుకున్నది 19 శాతం సందర్భాల్లోనే. కానీ అలా కల్పించుకున్నప్పుడు, సగానికి పైగా, 57 శాతం సార్లు, వేధింపు పది సెకన్లలో ఆగిపోయింది.

పది సెకన్లు! ఏ ప్రిన్సిపాల్‌కూ, ఏ పోలీసుకూ సాధ్యం కాని వేగం అది. ఎదిరించి నిలబడటం ప్రతి బిడ్డకూ సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. ‘రా, క్యాంటీన్‌కు పోదాం’ అని ఏడుస్తున్నవాడి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లడం చాలు. గ్రూపులో ఎగతాళి ఫొటో వస్తే నవ్వు బొమ్మ పెట్టకపోవడం, ముందుకు పంపకపోవడం, ఆ రాత్రి ఆ పిల్లకు విడిగా ‘నేను నీతో ఉన్నాను, అది నాకు నచ్చలేదు’ అని ఒక మెసేజ్ పెట్టడం ఏడో తరగతి పిల్లకైనా చేతనవుతుంది. టీచర్‌కు చెప్పడం చాడీలు చెప్పడం కాదని మాత్రం మనం ఇంట్లో స్పష్టంగా అనాలి. ఇవాళ బడి నుంచి వచ్చాక మీ పిల్లలను వాళ్ల క్లాసులో ఒంటరిగా తినేదెవరో అడిగి చూడండి.